కుట్టు మెషిన్ పక్కన కుళాయి

మా అక్క కూతురివి పాము చెవులు. మురిపెంగా అంటున్న మాట కాదు, ఉన్న సంగతి. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేస్తుంది, కోపంగా వస్తున్నారో మామూలుగా వస్తున్నారో కూడా చెప్పేస్తుంది. నేనెప్పుడూ కోపంగానే వస్తాను కాబట్టి నా విషయంలో దానికి శ్రమ లేదు.

మా అన్నయ్యకి ఒక రికార్డింగ్ స్టూడియో ఉంది. పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, మధ్యలో ఒక అద్దం, అంతే. అక్కడ పిల్లల పాఠాలు, దుకాణాల ప్రకటనలు, ఫోన్లో వినిపించే గొంతులు రికార్డు చేస్తారు. 'దయచేసి వేచి ఉండండి' అనే గొంతు నాదే. ఇంట్లో ఆ మాట ఒక్కసారైనా అన్నావా అని మా ఆయన దెప్పుతుంటాడు.

పిల్ల తండ్రి పోయాక అక్కా, పిల్లా మా అన్నయ్య ఇంటి కింది వాటాలోకి వచ్చారు. స్కూలు చదువు అయిన దగ్గర్నుంచి నాలుగేళ్లుగా పిల్ల ఆ స్టూడియోలోనే పని చేస్తోంది. వైర్లు చుట్టడంతో మొదలుపెట్టి, చదివేవాళ్ల దగ్గులూ తడబాట్లూ కోసేసి అతికేదాకా వచ్చింది. ప్రతి రికార్డింగుకి ముందు అందరినీ నిమిషంపాటు ఊపిరి బిగబట్టి కూర్చోమంటుంది. ఆ నిమిషం ఖాళీ గదినే రికార్డు చేస్తుంది. ఎందుకే ఈ వేషాలు అని ఒకసారి కసిరాను.

"దగ్గు కోసేశాక అక్కడ బొక్క పడుతుంది పిన్నీ. ఏమీ లేకుండా వదిలేస్తే చెవి పట్టేస్తుంది. ఆ గది చప్పుడుతోనే పూడ్చాలి. చీర చిరిగితే అదే గుడ్డతో మాసిక వెయ్యాలి కదా" అంది.

ఇంత పని వచ్చినదానికి ఆడియో ఇంజనీరింగ్ చదవాలా వద్దా అన్న గుంజాటన పట్టుకుంది. రెండేళ్ల కోర్సు, వేరే ఊళ్లో. అన్నయ్య నవ్వేశాడు. "చేపపిల్లకి ఈత నేర్పాలా? ఈ పనిలో కాగితాలు ఎవడు చూస్తాడే, చెవులు చూస్తారు. నా మాట విని ఇక్కడే ఉండు." మేనమామ మాటంటే దానికి వేదం. నిరుడు ఆ మాట పట్టుకునే దరఖాస్తు కూడా చించేసింది.

ఈ ఏడు మాత్రం నా దగ్గరికొచ్చి కూర్చుంది. "గొంతు గది మూలకెళ్తే మొద్దుబారుతుంది పిన్నీ. మైకు జరిపి సరిచేస్తాను. ఎందుకలా అవుతుందో మాత్రం నాకు తెలీదు. మామయ్యకీ తెలీదు. అది తెలుసుకోకుండా జీవితాంతం మైకులు జరుపుతూ కూర్చోవాలంటే ఏడుపొస్తోంది."

"అయితే వెళ్లవే పిచ్చిమొహమా!" అన్నాను.

కోర్సులో చేరాలంటే సొంతంగా చేసిన పది నిమిషాల రికార్డింగ్ ఇవ్వాలి. పిల్ల మూడు నెలలు కష్టపడి తను ఉండే వీధిలో ఒక పొద్దున్నంతా వినిపించేలా చేసింది. షట్టర్లు లేవడం, మెట్లు కడగడం, టైలర్ మెషిన్, బడికి పోయే పిల్లల గోల. నేను విని, మన వీధి ఇంత బాగుంటుందా అనుకున్నాను. ఒక్కటే పొరపాటు చేశానంది. టైలర్ షాపులో ఖాళీ గదిని రికార్డు చెయ్యడం మరిచిపోయిందట. తీరా చూస్తే టైలర్ షాపు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. గత్యంతరం లేక, మెషిన్ ఆగినప్పుడు ఎవరిదో దగ్గు కోసేసిన చోట తమ వంటింటి చప్పుడుతో బొక్క పూడ్చింది. ఆ రికార్డింగున్న పెన్ డ్రైవ్‌ని పిల్ల వాళ్లమ్మ బీరువాలో దాచుకుంది. బీరువా తాళం అక్క కొంగున ఉంటుంది.

ఇంటర్వ్యూకి తోడుగా నేనే వెళ్లాను. కోర్సు నడిపే మేడమ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిమిషం విని తీసేసింది.

"ఇది పోయిన మంగళవారమే విన్నాను" అంది. కాగితాలు తిరగేసి ఒక పేరు చదివింది.

అది మా అన్నయ్య కొడుకు పేరు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరిదో రేపు పదింటికి వచ్చి రుజువు చేస్తే సరి, లేకపోతే ఇద్దరికీ సీటు లేదు" అంది మేడమ్. బస్సు దిగేముందు పిల్ల ఒక్క మాట అంది. "తాళం అమ్మ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు పిన్నీ."

అక్క వాటాలోకి వెళ్లేసరికి అన్నయ్య అక్కడే ఉన్నాడు. కడుపులో చల్ల కదలకుండా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను ఎడాపెడా వాయించేశాను. చేపపిల్లకి ఈత ఎందుకన్న నోటితోనే కొడుకుని ఎలా పంపావని నిలదీశాను.

"అరవకు. రేపు స్టూడియో వాడిదే కదా. గోడ మీద వాడి సర్టిఫికెట్ ఉంటే పెద్ద పనులొస్తాయి. పని చూసుకోడానికి ఇది ఎలాగూ ఉంటుంది" అన్నాడు.

పిల్ల ఆయన వైపు చూడనైనా లేదు. తల్లినే చూస్తోంది.

"నువ్వే ఇచ్చావా అమ్మా?"

అక్క గిన్నె తుడుస్తూనే ఉంది. "అన్నయ్య అడిగాడే. ఆయన నీడన బతుకుతున్నాం, కాదని ఎలా అనను? నీకు చేతనవును, ఇంకోటి చేసుకుంటావు. వాడికి చేతకాదు."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తావా ఏంటి?"

"ఇవ్వనని తెలిసే ఇచ్చావన్నమాట" అంది పిల్ల. గొంతు పెంచలేదు. నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. నమ్మించి గొంతు కోసేది పరాయివాళ్లయితే తిట్టి దులుపుకుంటాం, కన్నతల్లిని ఏమని తిడతాం?

మర్నాడు పదింటికి మళ్లీ వెళ్లాం. నిజం చెబితే మామయ్య వాటా ఖాళీ చేయించొచ్చని పిల్లకి తెలుసు. అయినా మేడమ్ ముందు నిలబడి, తన తప్పు తనే బయటపెట్టింది.

"మెషిన్ ఆగిన చోట వినండి మేడమ్. కుళాయి కారుతుంది. ఆ టైలర్ షాపులో కుళాయే లేదు. అది మా వంటింట్లోది. మాసిక తప్పుగా వేశాను." ఫోన్లో ఉన్న వంటింటి రికార్డింగ్ కూడా వినిపించింది.

మేడమ్ కళ్లు మూసుకుని ఆ రెండింటినీ మూడేసి సార్లు విని, అన్నయ్య కొడుకు పేరు కొట్టేసింది. "ఈ తప్పు ఇంకెప్పుడూ చెయ్యకు" అని పిల్ల చేతికి అడ్మిషన్ ఫారం ఇచ్చింది.

దాని వెనకవైపు తల్లి లేదా సంరక్షకుల సంతకం కావాలి. పిల్ల ఆ కాగితం నా ముందు పెట్టింది.

"తల్లి ఉండగా నేనెలా పెడతానే?"

"అడిగితే అమ్మ పెడుతుంది పిన్నీ. నేనే అడగను."

నేను పెట్టాను. నా జన్మలో అంత కష్టమైన సంతకం పెట్టలేదు. దానికి సీటొచ్చిందన్న సంతోషం నాకు ఇంకా ఒంటబట్టలేదు.

సాయంత్రం మేం వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. కాగితం సంగతి ఎవరు చెప్పారో ఏమో, కళ్లజోడు పెట్టుకుని, చేతిలో పెన్ను పట్టుకుని కూర్చుంది. కూతుర్ని చూడగానే గబుక్కున లేచింది.

"సంతకం ఎక్కడ పెట్టాలే?"

"పిన్ని పెట్టేసిందమ్మా" అని పిల్ల బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.