లవంగనూనె దూది

సుబ్బరావమ్మ పక్కన కూర్చుంటే మిరపఘాటు కంటే ముందు లవంగం వాసన కొడుతుంది. గుంటూరు పక్క మిరప కల్లాల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరడం ఆమె పని. పొద్దున్నే బొడ్లో దోపుకున్న సీసా తీసి, పత్తికాయలోంచి పీకిన దూదిని లవంగనూనెలో ముంచి పుచ్చిపన్ను మీద అదుముకుంటుంది. పన్ను పీకించుకోమంటే, "దేవుడిచ్చిన పన్ను, దేవుడిచ్చిన మందు, మధ్యలో నీకేంటే నొప్పి?" అని కసురుతుంది. లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజెనాల్‌ని మసాలాల్లోనూ సెంట్లలోనూ వాడతారు. అది నోటిని మొద్దుబారుస్తుంది కూడా. అందులో దేవుడి చెయ్యేమీ లేదు.

మొన్న సలుపు ఎక్కువై, దూది మీద దూది మార్చింది. మధ్యాహ్నం పండుమిరప పచ్చడన్నం కలుపుకుని, కబుర్లు చెబుతూ గబగబా తింటోంది. గడ్డం మీదికి ఎర్రగా కారింది.

"మూతికంతా పచ్చడి పూసుకున్నావేంటి పిన్నీ, చంటిపిల్లలా!" అంది పక్కనున్న నాగజ్యోతి.

సుబ్బరావమ్మ పెద్దగా నవ్వింది. పళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. నాగజ్యోతి చేతిలో ముద్ద జారిపోయింది.

"అయ్యో, పచ్చడి కాదు పిన్నీ, నెత్తురు! నాలుక కొరికేసుకున్నావు!"

సుబ్బరావమ్మ వేలు పెట్టి తడుముకుంది. నాలుక అంచు తెగి వేలాడుతోంది. ఆ గాయం నిండా పండుమిరప కారం. అయినా మంట లేదు.

"నొప్పి లేదేంటే జ్యోతీ?" అంది ముద్దముద్దగా. ఇన్నేళ్ళూ నొప్పిని తిట్టిపోసిన మనిషి, అది లేదని భయపడుతోంది. చెయ్యి అలవాటుగా బొడ్లో సీసా మీదికి పోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది.