గట్టు మీద కూర్చున్న నన్ను లేపిన దేవుడు

ఆ ఏడాది వరదల్లో మా ఊరి రేవు గట్టు మీద కూర్చున్నదాన్ని ఇక లేవలేకపోయాను సహోదరులారా. గౌతమి ఎర్రనీళ్ళతో గట్టు అంచుదాకా వచ్చేసింది, చెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతున్నాయి, చచ్చిన గొడ్లు పొట్టలుబ్బి తేలిపోతున్నాయి, నా పక్కన నా భర్త మోటారు సైకిలు స్టాండు వేసి నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉంది, దాన్ని నిలబెట్టిన మనిషి మాత్రం ఆ నీళ్ళలోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. మా అమ్మాయి గిన్నెలో అన్నం కలిపి తెచ్చి నోటి దగ్గర పెడితే మింగేదాన్ని, లేకపోతే లేదు. మన సంఘంలో చాలామంది సాక్ష్యాలు విన్నాను, జబ్బు నయమైనవాళ్ళవి, తాగుడు మానినవాళ్ళవి. నాది అలాంటిది కాదు. నేను ప్రభువుకి స్తుతులు చెల్లించడానికి వచ్చింది ఒక శవం కోసం. దయచేసి చివరిదాకా వినండి.

నా భర్త దానియేలు గారు మా ఊరి సెంటర్లో బళ్ళ మెకానిక్కు. ఆయనకి లోకంలో ఇష్టమైనవాటిలో దేవుడు మొదటివాడు, మోటారు సైకిలు రెండోది, నేను మూడో నాలుగో నాకే తెలీదు. పెళ్ళికి ముందు ఎక్కడో పాతసామాన్ల కొట్లో తుక్కు కింద పడి ఉన్న బండిని కొని, బోల్టు బోల్టూ విప్పి మళ్ళీ బిగించి ప్రాణం పోశారట. ఆదివారం గుడికి వచ్చేముందు దాన్ని కడిగి తుడవనిదే ఆయన స్నానం చేసేవారు కాదు. పాస్టరు గారు నవ్వుతూ, "దానియేలూ, నువ్వొక్కసారే తీసుకున్నావు గానీ నీ బండి మాత్రం వారం వారం బాప్తిస్మం తీసుకుంటుందయ్యా" అనేవారు. కాలవ మలుపులో ఆ బండి శబ్దం వినపడగానే నేను పొయ్యి మీద కూర గిన్నె పెట్టేదాన్ని, ఆయన కాళ్ళు కడుక్కునేసరికి కూర వేడెక్కేది.

ఆ బండి మీద ఆయన ఎందర్ని ఆసుపత్రికి చేర్చారో, ఎన్నిసార్లు రక్తం ఇవ్వడానికి రాజమండ్రి పరిగెత్తారో మీలో చాలామందికి తెలుసు. అన్నిటికంటే ఎక్కువగా చేసింది ఇంకొకటుంది, దాని గురించి జనం గట్టిగా మాట్లాడుకోరు. గోదాట్లోనో కాలవలోనో ఎవరైనా మునిగిపోతే బయటికి తీయడానికి ఆయన్ని పిలిచేవారు. యానాంలో తాగి బండితో సహా కాలవలో పడినవాళ్ళని, స్నానానికి దిగి జారిపోయినవాళ్ళని, కావాలని దూకినవాళ్ళని కూడా ఆయన తీశారు. ఈ పని నేర్పింది మా రేవులో చేపలు పట్టుకునే సత్తిబాబు గారు, ఆయన స్నేహితుడు. సత్తిబాబు గారు పడవలో ఉండి తాడు పట్టుకునేవారు, మా ఆయన ఆ తాడు నడుముకి కట్టుకుని మునిగేవారు.

బండికి పక్కన ఒక ఇనప బాక్సు ఉండేది. అందులో ఎప్పుడూ ఒక కొత్త తెల్లగుడ్డ మడత పెట్టి ఉండాలి. దేహం గట్టెక్కగానే ఇంట్లోవాళ్ళు చూడకముందే దాన్ని కప్పేసేవారు, నీళ్ళు మనిషి ముఖాన్ని ఏం చేస్తాయో ఆయనకి తెలుసు కాబట్టి. ఒక గుడ్డ వాడితే ఇంకొకటి నేను మడతపెట్టి ఇవ్వాలి. ఇక బండికీ ఆ బాక్సుకీ ఒకటే తాళం, అది నీళ్ళలో పోకుండా మొలతాడుకి కట్టుకునేవారు. విశ్వాసికి మొలతాడు ఎందుకయ్యా అని ఒకాయన అడిగితే, "తాళం కట్టుకోడానికండి" అన్నారు.

నాకు ఈ పని నచ్చేది కాదు. ప్రాణం ఉన్నవాళ్ళ కోసమైతే సరే, పోయినవాళ్ళ కోసం మీరెందుకు దిగడం, తీస్తే ఊపిరొస్తుందా అని ఒకసారి అడిగాను. ఆయన చెయినుకి నూనె వేస్తూ తల ఎత్తకుండా, "వాళ్ళు గట్టు మీద కూర్చుని ఉంటారు సుగుణా. వాళ్ళని లేపాలి కదా" అన్నారు. నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి నేను గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఆ వరదలో, ఏటి మధ్య లంకలోంచి గేదెల్ని తోలుకురావడానికి వెళ్ళిన ఒక కౌలురైతు మునిగిపోయాడు. ఆయన భార్య గట్టు మీద కూర్చుని ఉంది. మా ఆయన దిగారు. నీటిలో ఉన్న తుమ్మకొమ్మల్లో ఆ దేహం చిక్కుకుని ఉందని కనిపెట్టి విడదీస్తుండగా పైనుంచి ఒక పెద్ద మాను కొట్టుకొచ్చింది, తాడు తెగిపోయింది, సత్తిబాబు గారి చేతిలో తాడు ముక్క మిగిలింది. మా ఆయన విడదీసిన ఆ రైతు దేహం మర్నాడు కాస్త కిందగా తేలింది. ఆ భార్య లేచింది, నా దగ్గరికి వచ్చి నా తలమీద చెయ్యి వేసి భర్త వెంట వెళ్ళిపోయింది. ఆవిడ లేచిన చోటే నేను కూర్చున్నాను. చచ్చినవాడి కోసం బతికున్నవాడు పోయాడని జనం నా వెనకే నిలబడి అనుకున్నారు, నేను విన్నాను.

సహోదరీలారా, నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలో నాకు నేనే చదువుకున్నాను, చరిత్రా, వైద్యమూ, నదుల గురించీ, దొరికినదల్లా చదివాను, మా ఆయన నన్ను "లైబ్రరీ గారూ" అని పిలిచేవారు, ఆ పిలుపుకి నేను గర్వపడేదాన్ని. ఆ చదువే ఆ రోజుల్లో నాకు శత్రువైంది. నీళ్ళలో దేహానికి మొదట ఏమవుతుందో, తర్వాత ఏమవుతుందో, చేపలు ఎక్కడ మొదలుపెడతాయో నాకు తెలుసు. కళ్ళు మూసుకుంటే ఆ పేజీలే కనపడేవి. అందుకే నేను ఆయన బతికే ఉన్నారని గట్టిగా పట్టుకున్నాను. సంఘం సహోదరీలు వచ్చి, ఏదో లంకలో చెట్టు పట్టుకుని ఉంటాడు, సజీవంగా వస్తాడు అని ప్రార్థించారు, నేను ఆమెన్ అన్నాను. రోడ్డు మీద ఏ మోటారు సైకిలు శబ్దం వచ్చినా తల తిప్పేదాన్ని, ఆయన బండి నా పక్కనే ఉందన్న సంగతి కూడా మరిచిపోయి తిప్పేదాన్ని!

ప్రభుత్వ పడవలు వెతికి వెతికి వెళ్ళిపోయాయి. సత్తిబాబు గారొక్కరే మిగిలారు. రోజూ పొద్దున్నే వెళ్ళి లంకలన్నీ తిరిగి, చెట్టు చెట్టూ చూసి, సాయంత్రానికి వచ్చి నాకు ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపేవారు. ఒకరోజు పొద్దున్న ఆయన పడవ విప్పకుండా నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"చెల్లెమ్మా, నువ్వు బతికున్న మనిషి కోసం చూత్తన్నావు. నీ కోసం నేనూ అలాగే ఎతుకుతున్నాను" అన్నారు. "బతికున్నోళ్ళని ఎతికే చోటు వేరు, పోయినోళ్ళని ఎతికే చోటు వేరు. పోయినోళ్ళకైతే యానాం దాటి మడ అడవుల్లోకి ఎల్లాలి. ఇంకా ఆలస్యమైతే సముద్రం లాగేసుకుంటది, మరి దొరకడు. నాకున్నది ఒక్క పడవ. ఎటు ఎల్లమంటావో నువ్వే చెప్పు."

పక్కనున్న సహోదరి నా చెయ్యి పట్టుకుని, వద్దు సుగుణా, ఆ మాట నీ నోటితో అనకు, విశ్వాసం పోగొట్టుకోకు అంది. ఎటు చెప్పినా నేను నా భర్తని పోగొట్టుకునేదాన్నే. మళ్ళీ లంకల వైపే పంపితే, ఆయన నిజంగా పోయి ఉంటే, సమాధి కూడా లేకుండా సముద్రంలో కలిసిపోతారు, నేను చచ్చేదాకా గట్టు మీదే ఉంటాను. కిందికి, మడ అడవుల్లోకి పంపితే, నా నోటితో నేనే ఆయన్ని చంపినట్టు. నేను ఆ ఎర్రనీళ్ళ వైపు చూసి, నా జీవితంలో అతి చిన్న ప్రార్థన చేశాను.

"ప్రభువా, ప్రాణం అడగను. ఒళ్ళు ఇవ్వు. నేను లేవాలి."

తర్వాత సత్తిబాబు గారితో, "కిందికి వెళ్ళు అన్నయ్యా" అన్నాను. ఆయన లేచి తువ్వాలు తలకి చుట్టుకుని, "మీ ప్రభువుకి నువ్వు చెప్పుకున్నావు, మా గంగమ్మకి నేను చెప్పుకుంటాను" అని పడవ విప్పారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం పడవ తిరిగి వచ్చింది, వెనకే పోలీసు పడవ. సత్తిబాబు గారు గట్టుకి కాస్త దూరంలోనే ఆపించి ఒక్కరే దిగి మోకాలిలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు. నేను అటు పరిగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, నా అరచేతిలో ఒక వస్తువు పెట్టారు. తెగిన మొలతాడు, దానికి ఆయన బండి తాళం.

"ముఖం చూడొద్దమ్మా. ఇది చాలు. బాక్సు తీసి గుడ్డియ్యి" అన్నారు.

అన్ని రోజులుగా ఆ బాక్సు పక్కనే కూర్చున్నాను, అందులో ఏముందో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. తాళం పెట్టి తిప్పాను. నా చేత్తో నేను మడతపెట్టిన తెల్లగుడ్డ, మడత చెదరకుండా ఉంది. సిలువ మీద నుంచి ప్రభువు దేహాన్ని దించి శుభ్రమైన నారబట్ట చుట్టిన ఆ మనిషి గురించి గుడ్ ఫ్రైడేకి ఎన్నిసార్లు విన్నాను! ఆయనా ప్రాణం తిరిగి ఇవ్వలేకపోయాడు, గుడ్డ ఇచ్చాడు. నేను సత్తిబాబు గారికి గుడ్డ ఇచ్చాను, ఆయన పడవ దగ్గరికి వెళ్ళి, మా ఆయన ఎందరికో చేసినట్టే, నేను చూడకముందే మా ఆయన్ని కప్పారు. పిల్లని పట్టుకుని నేను ఆ పడవ వెంట గట్టు మీద నడిచాను. నా కాళ్ళ మీద నేను నడిచాను, అప్పుడు నాకు తెలిసింది లేచానని.

మన స్మశానంలో ఆయనకి సమాధి ఉంది. నేను మళ్ళీ అన్నం వండుకుంటున్నాను, మళ్ళీ లైబ్రరీకి వెళ్తున్నాను, కొన్ని పుస్తకాలు మాత్రం తెరవను. ఏడుపు ఆగలేదు, ఆగిందని మీకు అబద్ధం చెప్పను. కానీ నీళ్ళ వైపు చూస్తూ కూర్చునే ఆ పిచ్చి నుంచి ప్రభువు నన్ను విడిపించాడు, ఆయన నామానికి స్తోత్రం. బండి సత్తిబాబు గారికి ఇచ్చేశాను. ఆయన దాన్ని వారం వారం కడగరు, అది చూస్తే మా ఆయన ఏమనేవారోనని నేను పోట్లాడతాను. కాలవ మలుపులో ఆ శబ్దం వినపడినప్పుడు నా చెయ్యి కూర గిన్నె మీదికి వెళ్ళి ఆగిపోతుంది. అది ఆయన కాదని నాకు తెలుసు. గుడ్డ కావాల్సి వచ్చి సత్తిబాబు గారు ఆగారని తెలుసు, లోపలికి వెళ్ళి ఇంకొకటి మడతపెట్టి తెస్తాను.

ఇది వింటున్న మీలో ఎవరైనా ఏదో ఒక గట్టు మీద కూర్చుని ఉన్నారేమో. పెద్ద ప్రార్థన చెయ్యలేకపోతే సిగ్గుపడకండి. మీకు మిగిలిన ఆ చిన్న ప్రార్థనే చెయ్యండి, అది విశ్వాసం కాదని ఎవరన్నా సరే. నాకు జవాబిచ్చిన దేవుడు దాన్నీ వింటాడు. నాకోసం ఆయన పంపినట్టే మీకోసం కూడా ఒక పడవని పంపుతాడు, మీరూ లేస్తారు.