రాజాంలో చెడుగుడు ఆటగాళ్ళ ధైర్యం కొలవబోయి

ఉదయం ఆరింటి పాసింజరులో వాల్తేరులో బయలుదేరాను. సంచిలో ఇంగ్లీషు పుస్తకం నుంచి నేను తెనిగించిన ముప్ఫై ప్రశ్నలున్నాయి. ఆటగాళ్ళ మనోనిబ్బరం కొలిచి, మార్కులు జిల్లా జట్టును ఎంపిక చేసే కమిటీకి ఆ రోజే టపాలో పంపాలి.

తొమ్మిది దాటాక చీపురుపల్లిలో దిగి, ఇడ్లీలు తిని, రాజాం బస్సెక్కాను. పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్నావిడ నా కాగితాలేమిటని అడిగింది. చెప్పాను.

"గుండెని కాయితంతో ఎలాగ కొలుస్తారు బాబూ?" అంది.

నవ్వి కాగితాలు సంచిలో పెట్టుకున్నాను.

పదకొండింటికి బడిలో డ్రిల్లు మాస్టారు ఆటగాళ్ళను కూర్చోబెట్టారు. జట్టు నాయకుడు అప్పలనాయుడు, పాతికేళ్ళ రైతు.

"నీమీద నీకు పూర్తి నమ్మకం ఉంటుందా?" అని చదివాను.

అతను మాస్టారి వైపు చూసి తలదించుకున్నాడు. "నాదేటుంది బాబూ, అంతా మావోలదే."

సున్నా వేశాను.

"పోటీలో భయం కలుగుతుందా?"

"కలుగుతాది. నేదంటే అబద్ధమే."

మళ్ళీ సున్నా. అందరిలోకీ అతనికే తక్కువ మార్కులొచ్చాయి. కవరు అంటించబోతుంటే మాస్టారు, "సాయంత్రం ఆట సూసి పంపండి" అన్నారు. ఆయన ఇంట్లోనే భోజనం పెట్టారు.

నాలుగింటికి పక్క ఊరి జట్టుతో పోటీ. గంట గడిచేసరికి అప్పలనాయుడి వాళ్ళంతా అవుటై గీత బయట కూర్చున్నారు. అతని మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఒక్కడే కూత పెట్టి వెళ్ళి, ఇద్దరిని తాకి, నడుము పట్టిన మూడోవాణ్ణి ఈడ్చుకుంటూ గీత అందుకున్నాడు. ముగ్గురు తోటివాళ్ళు లోపలికొచ్చారు. అయిదు నిమిషాల్లో ఆట వాళ్ళ వైపు తిరిగింది.

"ఒక్కడివే మిగిలినప్పుడు భయం వెయ్యలేదా?" అని తర్వాత అడిగాను.

"ఏసింది బాబూ. మావోలు బయట కూకుని నాకేసే సూస్తన్నారు. భయమేస్తందని కూకుంటే ఆలని లోపలికి ఎవలు తెస్తారు?"

అరుగు మీద కూర్చుని పాత ప్రశ్నలు సగం కొట్టేశాను. 'జట్టంతా అవుటైతే నువ్వేం చేస్తావు?' వంటివి రాసి మళ్ళీ అడిగాను. ఈసారి ఎవరూ తలదించుకోలేదు. అప్పలనాయుడి పేరు అన్నిటికన్నా పైన రాసి కవరు అంటించాను.

"పొద్దున్న మావోడి పేరు పోయిందనే అనుకున్నాను" అన్నారు మాస్టారు, ఊపిరి వదిలి.

ఆట చూడకుండా పంపి ఉంటే నిజంగానే పోయేది. ఆరింటి బస్సు పట్టుకుని, చీపురుపల్లి స్టేషన్లో కవరు టపాపెట్టెలో వేసి రైలెక్కేసరికి మనసు తేలికపడింది. పెద్దల ముందు గొప్పలు చెప్పుకోని మనుషుల్ని పట్టుకుని, గొప్పలు చెప్పనందుకు పిరికివాళ్ళుగా రాయబోయాను. ఈ పని మీద అటు వెళ్ళేవారెవరైనా ముందు ఆట చూడండి. తరవాతే కాగితం తియ్యండి.