వద్దన్నవాళ్లకు దారేది

అమ్మ మా గనుల ఊరు కిరండూల్ నుంచి పంపిన పొట్లం విప్పగానే ఎండు ఇప్పపువ్వు వాసన గదంతా పరుచుకుంది. సాయంత్రంలోగా నివేదిక పంపాలి. కొత్తగా స్వతంత్రం వచ్చిన ఒక చిన్న దేశం సొంత క్రిప్టో నాణెం తెచ్చి, కాగితపు నోటును పూర్తిగా ఎత్తేయవచ్చా అని మా ఆర్థిక సలహా సంస్థను అడిగింది. మా బృందంలో అందరూ సరే అన్నారు. నాకే పొద్దుటినుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ వాసనతో రాజమ్మ టీచర్ గుర్తొచ్చి ఇంకా కుదురు తప్పింది.

పదకొండో తరగతిలో ఆవిడ మాకు అర్థశాస్త్రం చెప్పేవారు. పుట్టింది అడవిలోని జగర్గుండాలో. అక్కడి సంతలో వాళ్ల నాన్నకు ఉప్పు దుకాణం ఉండేది. నక్సల్ గొడవల్లో దారులు మూసుకుపోయి సంత ఆగిపోతే, పెట్టెలో నోట్లుండి కూడా కొనడానికేమీ దొరక్క ఊరు విడిచారట. అందుకే ఆవిడకు నోటంటే భక్తి లేదు, ఫోనంటే భయమూ లేదు. క్లాసులో మేం ఏం వాదించినా వారపు సంతకు తీసుకెళ్లి, అక్కడ చేసి చూపించమనేవారు.

కొత్త దేశానికి ఎలాంటి డబ్బుండాలన్న వాదనలో నేను క్రిప్టో పక్షాన బల్ల గుద్ది మాట్లాడాను. "సరే, ఈ పూట నువ్వే సర్కారు. నోటు ముట్టద్దు, ఫోనే నీ నాణెం. పోయి ఇప్పపువ్వు కొనుక్కరా," అన్నారు టీచర్.

సంతలో ఇప్పపువ్వు బుట్టముందు కూర్చున్న ముసలామెకు ఫోన్ లేదు. పక్క కొట్టు సేఠ్ తన ఫోన్‌కు పంపమని, ఆమెకు తాను ఇస్తానని హిందీలో అన్నాడు. పంపేశాను. సంగతి తెలియగానే ముసలామె నా సంచి లాక్కుని పువ్వంతా బుట్టలో కుమ్మరించుకుంది.

"డబ్బులు పడ్డాయి కదండీ టీచర్," అన్నాను ఉక్రోషంగా.

"ఎవరి ఫోన్ల పడ్డయే?"

ముసలామె గోండీలో ఏదో గట్టిగా అంది. "పైసలు ఆయన చేతికి పోతే, ఆయన కొట్లనే ఆయన చెప్పిన ధరకే సామాను తీస్కోవాల్నంట. ఒద్దంటుంది," అన్నారు టీచర్. సేఠ్ నవ్వుతూ డబ్బు వెనక్కి పంపాడు. టీచర్ తన సంచిలోంచి ఉప్పు ప్యాకెట్ తీసి ఇస్తే, ముసలామె దానికి సరిపడా పువ్వు కొలిచి పోసింది.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, "అయితే నోటే మంచిదంటారా?"

"నేనట్ల అన్ననా? మా నాయిన నోట్లు ఎందుకు పనికొచ్చినయి? ఆమె ఇయ్యాల ఒద్దన్నది, తన పువ్వు తాను తీస్కున్నది. మీ కొత్త దేశంల ఒద్దన్నోళ్లకు దారేంది? ముందు అది చెప్పు."

ఆ ప్రశ్నను నోట్సులో రాసుకున్నాను. పోయిన వానాకాలం టీచర్ పోయారు. ఇక ఆవిడకు దాని జవాబు చెప్పే వీలు లేదన్న బాధ ఇప్పటికీ నన్ను వదలదు.

ఇవాళ నివేదిక చివర ఒక వాక్యం చేర్చాను. నాణెం తేవచ్చు, కానీ దాన్ని వద్దన్నవాళ్ల చేతిలో నోటు కూడా చెల్లాలి. కాసేపటికే మా పెద్దసారు ఫోన్ చేశారు. "ఆ లైను తీసెయ్యమ్మా. ఆ దేశం వాళ్లకు నచ్చదు. నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"వద్దండీ," అన్నాను.

ఫోన్ పెట్టేశాను. నాలుగు ఇప్పపూలు నోట్లో వేసుకుని, ఆ వాక్యం అలాగే ఉంచి పంపేశాను.