అద్దాలు బస్సు వరకే

జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కినా. పక్కసీటాయన ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో బస్సు నేలను గట్టిగా తొక్కుతాండాడు. మందపాటి అద్దాల వెనక కండ్లు ఎర్రగా ఉండాయి.

“నువ్వు డ్రైవరా అప్పా?” అని అడిగినా.

“లారీ డ్రైవరు. రాత్రంతా ఇంకో బండి తోలి వచ్చినా. పులివెందుల్లో అరటికాయల లోడు ఎత్తుకోని మళ్లా ఢిల్లీకి పోవల్ల.”

“అందాక ఒక కునుకు తీయరాదా?”

“కండ్లు మూస్తే రోడ్డే ఎదురొస్తాంది మామా.”

ఊరు దగ్గర పడంగానే అద్దాలు తీసి అన్నం సంచిలో అడుగుకు దోపినాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏందప్పా ఇది! అద్దాలు కావాల్సింది బండి తోలేటప్పుడు కదా?”

“ఇవి సూస్తే ఓనరు బండి ఇయ్యడు. కన్ను పోయిందంటాడు.”

“ఊరు దాటినాక పెట్టుకో.”

“పక్కన రెండో డ్రైవరు ఉంటాడు కదా. వాడు ఊరుకుంటాడా? ఓనరుకు ఫోన్ జేసి చెప్తాడు.”

బస్సు ఆగింది. పాదంతో మెట్టు తడుముకుంటా దిగి, రోడ్డు పక్కన నిలబెట్టిన లారీ వైపు పోయినాడు.

ఇప్పుడు నేను కూడా బస్సులో కునుకు తీయలేను. ఎదురుగా లారీ వస్తే చాలు, నా కుడికాలు నేలను తొక్కుతాది.