నలభై పోగుల తీగ

"ఏమ్మే, నేనొచ్చేదాకా ఆ నంబరు మార్చాకు."

"మార్చన్లే, పొయ్యిరాపో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. నేను చెబుతుంటే మా మరిది రాస్తున్నాడు. నాకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం సంతకం వరకే.

మైదుకూరులో మాది క్యాసెట్ల అంగడి. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. జనం తెచ్చిన పాత భజనలు, చనిపోయిన పెద్దవాళ్ల మాటలు కంప్యూటరులోకి ఎక్కించి ఆయన సీడీ చేసి ఇచ్చేవాడు. ఆ కంప్యూటరు ఎవరో వాడి వదిలేసినది. దాన్ని నడిపేందుకు లైనక్సు అనేది పెట్టింది ఈ మరిదే.

మొదట్లో సీడీలు సగంలోనే చెడిపోయేవి. హార్డ్ డిస్కు నుంచి పాట అందేలోపలే సీడీ రాసే పరికరం ముందుకు పోయేదట. మరలో గింజలు అందకపోతే రాయీ రాయీ రాసుకున్నట్టు అని ఆయన చెప్పేవాడు. అప్పుడు మరిది కంప్యూటరులో కొట్టే అక్షరాల వరస ఒకటి నేర్పాడు. హెచ్‌డీపార్మ్ అని మొదలవుతుంది, మధ్యలో అరవై ఆరు అని నంబరు వస్తుంది. అది కొడితే మూడు దగ్గరున్న డిస్కు వేగం ఇరవై దాటింది. ఆ రోజు ఆయన అన్నం కూడా అంగట్లోనే తిన్నాడు, ఆ అంకె చూసుకుంటూ.

కానీ కరెంటు పోతే మిషను అంతా మరిచిపోతుంది, మళ్లీ కొట్టాలి. మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పేదేముంది. దానంతటదే పట్టుకునేట్టు పెడతానని మరిది అంటే ఆయన ఒప్పుకోలేదు. నంబరు తప్పితే మిషను లేవనే లేవదు, చేత్తో కొట్టేదే మేలు అన్నాడు. ఆయన లేనప్పుడు కొట్టడానికి నాకు నేర్పాడు. గోడ మీద సుద్దతో రాసిపెడితే, ముగ్గు చూసి ముగ్గేసినట్టు ఒక్కొక్క గుర్తూ చూసి నొక్కేదాన్ని.

దాని కింద ఇంకో నంబరు రాశాడు, అరవై తొమ్మిది. అది డిస్కును మిషనుకు కలిపే కొత్త తీగ వచ్చాక. ఉన్న తీగకు నలభై పోగులు, కడపలో దొరికేదానికి ఎనభై, దాంతో వేగం ఇంకా పెరుగుతుందని చెప్పాడు. ఆ తీగ కోసమే ఆ పొద్దున బస్సెక్కాడు. తిరుగు బస్సులో ఛాతీ పట్టుకున్నాడట. ఊరు చేరకముందే పోయాడు. సంచిలో తీగ ఉంది, సగం తిని మడిచిన బొరుగుల పొట్లం ఉంది.

క్యాసెట్టు ఎక్కించే ముందు గుర్తు కోసం మైకులో ఆయన ఒక మాట చెప్పేవాడు. "బద్వేలు భజన, మొదటి పక్క" అని, నిదానంగా. నాతో ఎన్నడన్నా ఇంత నెమ్మదిగా మాట్లాడినావా అని దెప్పేదాన్ని.

"మిషను ఎదురు చెప్పదు కదమ్మే" అనేవాడు.

కర్మ ముగిశాక అంగడి తెరిచాను. పొద్దున్నే కంప్యూటరులో ఉండిపోయిన ఆయన మాటలే పెట్టుకుని వినేదాన్ని. పాట మొదలయ్యేలోపు ఆపి, ఇంకొకటి. వాటిని సీడీకి ఎక్కించుకోవాలని తోచలేదు. ఇంట్లో ఉన్న మనిషిని ఎవరన్నా దాచిపెట్టుకుంటారా?

ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. గోడ చూశాను. నేనొచ్చేదాకా అన్నాడు. వచ్చాడు కదా, ఎట్లా వస్తేనేం. తీగా వచ్చింది, మిషను పక్కన మేకుకు తగిలించి ఉంది. ఆయన పని ఒకటి మిగిలిపోకూడదని అరవై తొమ్మిది కొట్టాను. తీగ ఇంటికొస్తే చాలదని, పాత తీగ మీద ఆ వేగం పెడితే డిస్కులోవి చెదిరిపోతాయని, ముందు మిషను పెట్టె విప్పి పాతది తీసి కొత్తది బిగించాలని నాకు తెలియదు. అది ఆయన చేసుకునే పని, నాకెప్పుడూ చెప్పలేదు.

తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పోయాయి. వేగమంటే ఇదేననుకుని సంతోషపడ్డాను కూడా. తర్వాత తెర నిలిచిపోయింది. ఆపి మళ్లీ వేస్తే లేవలేదు.

మరిది కడప నుంచి వచ్చి పెట్టె విప్పాడు. లోపల నలభై పోగులదే ఉంది. మేకుకున్న తీగను చూశాడు, గోడను చూశాడు. రెండు రోజులు మిషను ముందే కూర్చున్నాడు. భజనలు ముక్కలు ముక్కలుగా కొన్ని దొరికాయి. ఆయన మాట ఒక్కటీ దొరకలేదు.

"డిస్కే పాతది వదినా. ఈరోజు కాకుంటే రేపు పోయేదే" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఇది కూడా రాయప్పా, కలం ఆపాకు. నువ్వు నా కోసం అబద్ధం చెప్పినావని నాకు అప్పుడే తెలుసు.

ఊళ్లోవాళ్ల గొంతులన్నీ వాళ్ల క్యాసెట్లలో క్షేమంగానే ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. ఆయనది ఒక్కటే క్యాసెట్టు లేని గొంతు.

ఇంక చాలు. ఇప్పుడు మొదటి నుంచి చదువు. మీ అన్నదీ నీదీ ఒకటే గొంతని ఊరంతా అంటారు. ఆ మొదటి మాట దగ్గర తొందరపడాకు, నిదానంగా చదువప్పా.