నాలుగు వేళ్ళు తక్కువ

తుమ్మలవాగు పొడవునా ఏడు బావులున్నాయి. దాచేపల్లి నుంచి లోపలికి వెళ్తే, సున్నపురాయి మీద జానెడు నల్లమట్టి కప్పుకుని ఉన్న ఊరు. ఆ ఏడు బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో పదిహేను రోజులకోసారి కొలిచి పుస్తకంలో రాసే పని హనుమాయమ్మది. దానికి జీతం లేదు. ఆమెను ఎవరూ నియమించలేదు. మొగుడు చేసేవాడు, మొగుడు పోయాడు, తను చేస్తోంది. దీన్ని జలదీక్ష అని రాసిన పత్రికలున్నాయి. మూడెకరాల పత్తి, అరెకరం మిరప, ఒక పాడిగేదె, దాని దూడ ఉన్న మనిషికి దీక్షలు పట్టే తీరిక ఎక్కడిది?

మొదలుపెట్టింది బుల్లయ్య. వాటర్‌షెడ్ పథకం వచ్చిన కొత్తలో వాగుకు అడ్డంగా రెండు చెక్‌డ్యాములు కట్టి, బావుల్లో నీళ్ళు పెరుగుతున్నాయో లేదో చూడడానికి ఏడుగురు వాలంటీర్లను ఎంచారు. మనిషికో టోపీ ఇచ్చారు. అందరికీ కలిపి ఒక టేపు ఇచ్చారు. నీటిని తాకగానే కుయ్‌మనే టేపు. ఒకసారి ఆఫీసరొకాయన వచ్చి, చెక్‌డ్యాము కట్టాక కూడా నీళ్ళు పెరగలేదంటే పైవాళ్ళు ఒప్పుకోరనీ, రెండడుగులు పెంచి రాయమనీ అడిగాడు. బుల్లయ్య పుస్తకమూ పెన్నూ ఆయన చేతికే ఇచ్చి, మీరే రాసి కింద మీ సంతకం పెట్టండి అన్నాడు. ఆయన రాయలేదు.

మూడేళ్ళకు పథకం ముగిసింది. స్టాకు సరిచూసుకోవాలని టేపునూ, అప్పటిదాకా రాసిన పుస్తకాన్నీ జీపులో వేసుకుపోయారు. టోపీలు మిగిలాయి. ఆరుగురు వాలంటీర్లు ఆ రోజుతో మానేశారు. వాళ్ళను తప్పుపట్టాల్సిందేమీ లేదు, ఎవరి సేద్యం వాళ్ళకుంది. బుల్లయ్య మాత్రం దాచేపల్లి వెళ్ళి రూళ్ళ పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. టేపు బదులు నులకతాడు, దాని కొసకు ఇనపగుండు. గుండు నీటిని తాకిన చప్పుడు వినగానే, బావిగట్టు దగ్గర తాడును రెండు వేళ్ళతో పట్టి పైకి లాగేవాడు. ఆ పట్టు వదలకుండా తాడును మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా పరిచి, మూరలు లెక్కపెట్టి రాసేవాడు. తాడుకు మూరకో ముడి వేసుకుంటే ఈ పరచడం తప్పుతుంది కదా అని పక్క పొలం జక్రయ్య సలహా ఇచ్చాడు. ముడి తాడును తింటుంది, లెక్క చెడుతుందన్నాడు బుల్లయ్య. అంత జాగ్రత్తపరుడు.

అలా ఎనిమిదేళ్ళు రాశాడు. ఒక జలదినోత్సవానికి గుంటూరు పిలిచి శాలువా కప్పి, జలవీరుడు అని చెక్కిన గాజుపలక చేతికిచ్చారు. ఆ సభలో పదకొండు మంది ప్రసంగించారు. అతనికో టేపు కొనిద్దామని ఒక్కరికీ తోచలేదు.

మూర గురించి మొగుడూపెళ్ళాల మధ్య పాత తగాదా ఒకటుంది. బుల్లయ్య పొడుగరి, హనుమాయమ్మ పొట్టి. గేదెకు ఆమె పలుపు కొలిచి కోస్తే చాలు, అతను నవ్వేవాడు. ‘‘ఏమే, నీ మూర నాలుగు వేళ్ళు తక్కువ. నువ్వు కోసిన పలుపు కడితే గేదె గడ్డిని చూడ్డమే గానీ తినేది లేదు’’ అంటూ ఆమె చెయ్యి చాపించి, నడిమివేలి కొసకు ఆనించి తన నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టేవాడు. ఆమె ఊరుకునేది కాదు. ‘‘నా మూర సరిగానే ఉంది. నీదే నాలుగు వేళ్ళు ఎక్కువ. నిన్ను చూస్తే పూలమ్మే కరీమున్, నీ మూరతో కొలవమంటావని బుట్ట ఎత్తుకుని పక్క బజారుకు పోద్ది’’ అనేది. ముప్పయ్యేళ్ళు ఇదే మాట, ఇదే జవాబు.

ఎనిమిదో ఏడు జూన్‌లో, తొలకరికి పత్తిగింజలు పెడుతూ బుల్లయ్య చాలు మధ్యలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో దాచేపల్లి చేరకముందే వెనక్కి తిరిగింది.

పెద్దకర్మ అయిన మర్నాడు కొలత తేదీ. పొద్దుపొడవకముందే హనుమాయమ్మ తాడు భుజాన వేసుకుని బావుల దారి పట్టింది. మొగుడు పోయి నెల తిరగని ఆడది గడప దాటిందని చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. ఆమెకు తెలిసింది ఒక్కటే. ఆ పుస్తకంలో ఖాళీ గడి ఎప్పుడూ లేదు. అతను పోయిన పదిహేను రోజులకే ఖాళీ పడితే, పోయిన మనిషి ఇంకోసారి పోయినట్టుంటుంది. గుండు వదిలింది, చప్పుడు విన్నది, తాడు లాగింది, తన చేతి మీద పరిచింది. గని పక్క బావిలో నలభై రెండున్నర మూరలు వచ్చింది. మే నెల చివర బుల్లయ్య రాసింది ముప్పయ్యారు. నీళ్ళు దిగిపోయాయి అనుకుంది. ఆ రోజుల్లో ఆమెకు ప్రపంచంలో ప్రతిదీ దిగిపోతున్నట్టే ఉంది కనక ఆశ్చర్యపోలేదు.

ఆ ఏడాదే వాగు ఎగువన ఉన్న సున్నపురాయి గనిని పెంచుతామని కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. గని గొయ్యిలో ఊరే నీటిని మోటార్లతో తోడి వాగులోకి వదులుతున్నారు. దాంతో మండువేసవిలో కూడా వాగు పారుతోంది. ఫొటోలు తీసుకునేవాళ్ళకు అదో వేడుక. ఆ పారే నీళ్ళు తమ బావుల్లోవేనని రైతుల అనుమానం. జక్రయ్య బోరు ఎండిపోయి రెండెకరాల మిరప నిలువునా వాడింది. అనుమానం ఉంటే సరిపోదు, ఆధారం చూపాలి. ఊరికున్న ఆధారమల్లా బుల్లయ్య పుస్తకం.

గుంటూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే భానుశ్రీ శ్రమ అనుకోకుండా వచ్చి, పుస్తకమంతా ఫోటోలు తీసుకెళ్ళింది. మూర అంటే అడుగున్నర అని ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఉంది. ఆ లెక్కన అంకెలన్నీ అడుగుల్లోకి మార్చి, గోడంత కాగితం మీద గీత గీసి, ప్రజాభిప్రాయ సేకరణకు ముందురోజు జక్రయ్య వసారాలో పరిచింది. ఏళ్ళ తరబడి ఆ గీత వానలకు లేస్తూ, ఎండలకు వాలుతూ నడిచింది. నిరుడు జూన్ దగ్గర గోడ మీంచి దూకినట్టు కిందికి పడింది. గని పక్క బావిలో మే నుంచి మళ్ళీ మే దాకా చూస్తే ముప్పయ్యారు మూరల నుంచి నలభై ఏడుకు. పదహారున్నర అడుగులు. గని రెండో మెట్టు లోతుకు తవ్వింది సరిగ్గా అప్పుడేనని జక్రయ్య తొడ చరిచాడు. కరపత్రాలు అప్పటికే అచ్చయ్యాయి. భానుశ్రీ మర్నాడు నేరుగా సభకు వస్తానని గుంటూరు బస్సెక్కింది.

హనుమాయమ్మ ఆ గీత పడిన చోటునే చూసింది. అది ఆయన పోయిన నెల. బావులకు కూడా తెలిసిందేమో అనుకుని, కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చింది.

సాయంత్రం దూడకు పలుపు కోయాల్సి వచ్చింది. తాడు తీసి మోచేతి మీద పరిచింది. ఒకటి, రెండు, మూడు. అలవాటు ప్రకారం మూరకు నాలుగు వేళ్ళు కలపబోయింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పలుపుకు ముప్పయ్యేళ్ళుగా కలుపుతున్న నాలుగు వేళ్ళు, పుస్తకానికి ఏడాదిగా కలపలేదు. నీళ్ళు అంగుళం కదలకపోయినా ముప్పయ్యారు నలభై రెండున్నర అయ్యేది. ఆ గీత దూకింది గోడ మీంచి కాదు, ఆయన చేతి మీంచి తన చేతి మీదికి.

చీకటి పడకముందే జక్రయ్య ఇంటికెళ్ళి చెప్పింది. అతను మొదట నవ్వాడు, తరవాత అతని మొహం గట్టిపడింది.

‘‘రేపు పెట్టుకుని ఇప్పుడా అక్కా చెప్పేది? నీళ్ళు దిగినయ్యా లేదా?’’

‘‘దిగినయ్యి.’’

‘‘నా బోరు ఎండిందా లేదా?’’

‘‘ఎండింది.’’

‘‘మరింకేంది? వాళ్ళ రిపోర్టులో మన వాగు పక్కన అసలు బావులే లేవని రాశారు. వాళ్ళు ఏడు బావులు మింగితే లేని తప్పు, నువ్వు నాలుగు వేళ్ళు మింగితే వచ్చిందా?’’

ధర్మపన్నాలు చెప్పే వాళ్ళెవరికీ ఎండిన బోరు ఉండదు.

‘‘ఆ పుస్తకం నాది కాదు జక్రయ్యా’’ అంది ఆమె. ‘‘ఆయన రెండడుగులు కలపమంటేనే కలపలేదు.’’

జక్రయ్య లోపలికి వెళ్ళిపోయాడు. అన్నం తిని వెళ్ళమని కూడా అనలేదు.

మర్నాడు హైస్కూలు ఆవరణలో షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, వరసగా పోలీసులు. సంగతి తెలియని భానుశ్రీ గీత చూపించి చక్కగా మాట్లాడింది. జనం చప్పట్లు కొట్టారు. కంపెనీ తరఫు కన్సల్టెంటు నోట్సు రాసుకుంటున్నాడు. కొలిచినవారెవరో వచ్చి చెప్పమన్నారు. హనుమాయమ్మ మైకు ముందు నిలబడి, పుస్తకం తెరిచి, మొదటి ఎనిమిదేళ్ళూ తన భర్త మూర అనీ, నిరుటి జూన్ నుంచి తన మూర అనీ, తనది చిన్నదనీ, నీళ్ళు దిగిన మాట నిజం గానీ గీతలో ఉన్నంత కాదనీ చెప్పింది. అప్పటిదాకా ఊగుతున్న విసనకర్రలు ఆగాయి. వెనక వరసలో ఎవరో తిట్టారు.

పైన కూర్చున్న అధికారి చెడ్డవాడేం కాదు. ముందుకు వంగి అడిగాడు: ‘‘ఏమ్మా, మీ ఆయన మూర ఎంతో ఎవరికైనా తెలుసా?’’

‘‘నాకు తెలుసండి. నా మూరకు నాలుగు వేళ్ళు ఎక్కువ.’’

‘‘ఎట్లా తెలుసు?’’

‘‘రోజూ అనేవాడండి’’ అంది.

జనంలో నవ్వు పుట్టింది. కన్సల్టెంటు మాత్రం నవ్వలేదు. మర్యాదగా లేచి, ఇద్దరు వ్యక్తుల చేతులతో తీసిన, ప్రమాణం లేని కొలతలను పరిగణనలోకి తీసుకోవద్దని కోరాడు. ఆమె తప్పు ఒప్పుకున్నది ఒక్క ఏడాదికి. కొట్టేసింది తొమ్మిదేళ్ళనూ. నాలుగు నెలలకు గని విస్తరణకు అనుమతి వచ్చింది. పుస్తకం ఉన్నా లేకపోయినా వచ్చేదేమో. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. హనుమాయమ్మ వల్లే పోయిందనుకోవడం తేలిక. జక్రయ్య గట్టు మీద ఎదురైతే తల తిప్పుకుని పోతున్నాడు. మరుసటి ఏడు అతను మిరప వెయ్యలేదు, చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు.

భానుశ్రీ తప్పు తనదీ అంది. మూర ఎవరిదని తను అడగనేలేదు. ఒక ఆదివారం స్టీలు టేపు కొనుక్కొచ్చి, వసారాలో హనుమాయమ్మ చెయ్యి కొలిచింది. పదహారున్నర అంగుళాలు. నాలుగు వేళ్ళు కలిపితే పంతొమ్మిదిన్నర. ఆ లెక్కన మే నుంచి మళ్ళీ మే దాకా దిగింది ఆరడుగులు.

‘‘ఆరడుగులు తక్కువేం కాదు పెద్దమ్మా. ఇదే చెప్పి ఉంటే సరిపోయేది’’ అంటూ రాసుకుంటున్నదల్లా ఆగింది. ‘‘నాలుగు వేళ్ళంటే మీ వేళ్ళేనా?’’

హనుమాయమ్మ తన చేతికేసి చూసుకుంది. బుల్లయ్య పెట్టింది తన వేళ్ళు. ఆమె చేతి కొసకు ఆనించి, గడ్డపార పట్టి కాయలు కాసిన వేళ్ళు, అడ్డంగా. ఇన్నాళ్ళూ పలుపుకు కలిపింది మాత్రం ఆమె వేళ్ళు. దూడకు ఆ తేడా పట్టదు.

‘‘ఆయన వేళ్ళమ్మా’’ అంది.

‘‘అవి ఎంత లావుండేవి?’’

ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఎడం చూపింది. కాదనుకుని కొంచెం పెంచింది. మళ్ళీ తగ్గించింది. వేలికి కందిగింజలో సగమంత తేడా వస్తే ఆరడుగులు నాలుగున్నర అవుతుందని భానుశ్రీ లెక్కేసి చూసింది గానీ, ఆ అంకె పైకి చదవలేదు. పుస్తకం మొదటి పేజీలో పెన్సిలుతో ‘బుల్లయ్య మూర’ అని రాసి, పక్కన గీత గీసి, అంకె రాయకుండా వదిలేసి గుంటూరు వెళ్ళింది.

ఇప్పుడు హనుమాయమ్మ టేపుతోనే కొలుస్తోంది. అంగుళాలతో సహా రాస్తోంది. గని పక్క బావిలో నీళ్ళు డెబ్బై ఒక్క అడుగులకు దిగాయి. ఈ అంకెను ఎవరూ కాదనలేరు. అడిగేవాళ్ళూ లేరు.

కొలత అయ్యాక ఆమె వెంటనే లేవదు. బావిగట్టు మీద మోచెయ్యి ఆనించి, అరచెయ్యి చాపి ఉంచుతుంది. తన నడిమివేలి కొస దగ్గర ఆయన చూపుడువేలు ఎక్కడ ఆనేదో తెలుస్తుంది. దాని పక్కన నడిమివేలు, అదీ తెలుస్తుంది. ఉంగరం వేలి దగ్గరికి వచ్చేసరికి అనుమానం మొదలవుతుంది. చిటికెనవేలు ఎక్కడ ముగిసేదో ఎంతసేపు కూర్చున్నా తేలదు. పుస్తకం మూసి, టేపు చుట్టుకుని, తరవాతి బావికి నడుస్తుంది. మొదటి పేజీలో ఆ గీత పక్కన ఇంకా ఖాళీయే.